ఇంటర్నెట్ ఫోన్ పెట్టించే ముందు లైన్ చూసుకోండి

అనంతపురంలో డ్రిప్ పైపుల దుకాణమో, కర్నూలులో విత్తనాల షాపో నడిపేవాళ్లు ఇంటర్నెట్ మీద పనిచేసే ఫోన్ పెట్టించాలనుకుంటే ఒక మాట. అమ్మేవాళ్లు యాప్, రికార్డింగ్, ‘తెలుగు కోసం ఒకటి నొక్కండి’ అన్నీ చూపిస్తారు. అవి తర్వాత చూసుకోవచ్చు. ముందు మీ నెట్ సంగతి తేల్చుకోండి.

ఒక కాల్‌కు అటూ ఇటూ సుమారు 100 కేబీపీఎస్ (సెకనుకు 100 కిలోబిట్ల) నెట్ వేగం చాలు. ఐదుగురు ఒకేసారి మాట్లాడినా 500 కేబీపీఎస్, అంటే అర ఎంబీపీఎస్. అంటే కావాల్సింది స్పీడు కాదు, నిలకడ. షాపు కిటకిటలాడే వేళ, సీసీ కెమెరా వీడియో క్లౌడ్‌కు ఎక్కుతుండగా, ట్రయల్ కనెక్షన్‌తో మాట్లాడి చూడండి. మాట తెగితే రౌటర్‌లో వాయిస్‌కు ప్రాధాన్యం ఇచ్చే క్యూఓఎస్ సెట్టింగ్ పెట్టించండి.

పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది. ఇంటర్నెట్ ఫోన్‌కు ఆ సౌకర్యం లేదు, షాపులో కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. కంప్యూటర్‌ను యూపీఎస్‌కు కలిపి, ఫైబర్ మోడెంను మాత్రం గోడ ప్లగ్గుకు వదిలేసే షాపులు ఉంటాయి! మోడెం, రౌటర్, ఫోన్ మూడూ యూపీఎస్ మీదే ఉండాలి. నెట్ పోతే కాల్ మీ సెల్‌కు మళ్లేలా కూడా పెట్టించుకోండి.

టెలికాం లైసెన్సు ఉన్న కంపెనీ దగ్గరే తీసుకోండి. బోర్డు మీదా బిల్లుల మీదా ఉన్న పాత ల్యాండ్‌లైన్ నంబరు (అనంతపురంలో అయితే 08554తో మొదలయ్యేది) కొత్తదానికి వస్తుందో లేదో రాతపూర్వకంగా చెప్పించుకోండి. అంతవరకు పాత లైన్ తీసేయించొద్దు.