ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ నేర్చుకునే అనుభవజ్ఞులు సాయం అడగవలసిన తీరు

రుషికొండ ఐటీ కొండల మీద పదేళ్లుగా జావా రాస్తున్నవారు సైతం ఫంక్షనల్ భాష అయిన హాస్కెల్ మొదలుపెట్టిన వారానికే తడబడతారు, ఎందుకంటే చేతికి అలవాటైన లూపూ, విలువ మార్చుకునే వేరియబులూ అక్కడ కనబడవు. జావాలో 2014 నుంచే లాంబ్డాలు, స్ట్రీములు ఉన్నాయి కనుక మ్యాప్, ఫిల్టర్ దాకా ఇబ్బంది ఉండదు. చిక్కు ఆ తర్వాతే వస్తుంది. అప్పుడు ‘ఈ లూపును ఎలా రాయాలి’ అని అడిగితే రికర్షన్‌తో (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడంతో) ఏదో ఒక జవాబు దొరుకుతుంది గానీ పాత ఆలోచన అలాగే ఉండిపోతుంది. ఏది ఇస్తే ఏది రావాలో ముందు టైపుగా రాసుకుని, ఆ టైపును పట్టుకునే అడగండి.

మొదట కంపైలర్‌నే అడగాలి. ఏం రాయాలో తెలియని చోట అండర్‌స్కోర్ పెట్టి కంపైల్ చేస్తే, అక్కడ ఏ టైపు విలువ కావాలో హాస్కెల్ కంపైలర్ అయిన జీహెచ్‌సీ తన ఎర్రర్ సందేశంలోనే చెబుతుంది, సరిపోయే పేర్లు కొన్ని సూచిస్తుంది కూడా. తర్వాత హూగుల్ అనే వెతుకులాట సైటు, ఇది హాస్కెల్ ఫంక్షన్లను పేరుతోనే కాక టైపుతోనూ వెతికిపెడుతుంది. ఒక ఫైలులోని వంద పదాలను సంఖ్యలుగా మార్చాలి, ఒక్కటి చెడినా మొత్తం ఫలితం వద్దు అనుకుందాం. జావాలో దీనికి ఫ్లాగుతో కూడిన లూపు రాస్తాం. హాస్కెల్‌లో విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు అని చెప్పే టైపు మేబీ. ఇక్కడ పదం, సంఖ్య అనే చోట్ల ఏ (a), బీ (b) అని ఇంగ్లీషు చిన్న అక్షరాలు వేసి, ‘ఏ నుంచి మేబీ బీ ఇచ్చే ఫంక్షన్, ఏ ల లిస్టు తీసుకుని, మేబీలో బీ ల లిస్టు ఇవ్వాలి’ అన్న టైపును వెతికితే ట్రావర్స్ అనే ఫంక్షన్ కనిపిస్తుంది. దాని పక్కన, పదాన్ని సంఖ్యగా చదివి మేబీ ఇచ్చే రీడ్‌మేబీ చేరిస్తే ఆ లూపు మొత్తం రెండు మాటల్లో ముగుస్తుంది.

అప్పటికీ తీరని ప్రశ్నకు మనిషి కావాలి. 20 లైన్లకు మించని, ఎవరైనా నడిపి చూడగల కోడ్, మీరు ఆశించిన టైపు, వచ్చిన ఎర్రర్ పూర్తి పాఠం, అదే పనికి మీరు రాసే జావా కోడ్ కలిపి చూపండి. ఆ చివరిది చూస్తేనే మీ ఆలోచన ఎక్కడ ఇరుక్కుందో ఎదుటివారికి తెలుస్తుంది. ‘మోనాడ్ అంటే ఏమిటి’ అని మాత్రం అడగకండి, హాస్కెల్‌లో తరచూ ఎదురయ్యే ఆ భావనకు జవాబుగా పోలికలే వస్తాయి. నాకు సాయపడింది నాకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడైన సహోద్యోగి. బీచ్ రోడ్డులో కూర్చున్న ప్రతి సాయంత్రమూ అతను కీబోర్డు ముట్టకుండా ‘టైపు ఏమిటండీ’ అని మాత్రమే అడిగేవాడు. అడిగేటప్పుడు హోదా, వయసు పక్కన పెట్టినందుకు నేను ఎన్నడూ చింతించలేదు. అలాంటివారు దగ్గర లేకపోతే ఎక్సర్‌సిజం అనే కోడింగ్ సాధన సైటులో స్వచ్ఛంద మెంటర్లు మీ సాధన కోడ్‌ను ఉచితంగా చదివి వ్యాఖ్యానిస్తారు.

జవాబు అందిన మరునాడు దాన్ని చూడకుండా మళ్లీ రాయండి. చేయి ఆగిన చోట అండర్‌స్కోర్ పెట్టి, తర్వాతి ప్రశ్నను అక్కడి నుంచే మొదలుపెట్టండి.