యాసంగి మిల్లింగ్‌కు ముందే ట్రాన్స్‌ఫార్మర్ జాగ్రత్తలు: హార్మోనిక్స్ వేడిని కనిపెట్టడం, తగ్గించడం

మిర్యాలగూడ చుట్టుపక్కల రైసు మిల్లులకు యాసంగి ధాన్యం ఏప్రిల్, మే నెలల్లో పోటెత్తుతుంది. మండే ఎండ, ఫుల్ లోడు రెండూ ఒకేసారి వస్తాయి. బ్లోయర్లు, ఎలివేటర్లు వీఎఫ్‌డీల (మోటారు వేగాన్ని మార్చే డ్రైవుల) మీద నడిచే మిల్లులో అమ్మీటరు చూసి ‘ఇంకా లోడు వేయొచ్చు’ అనుకోవడం ప్రమాదం.

మామూలు వీఎఫ్‌డీ కరెంటును కుదుపులు కుదుపులుగా లాగుతుంది. అందుకే 50 హెర్ట్జ్‌తో పాటు 250, 350, 550, 650 హెర్ట్జ్ కరెంట్లూ ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌లో పారతాయి. వీటినే హార్మోనిక్స్ అంటారు: 50కి 5 రెట్లయిన 250 హెర్ట్జ్‌ది 5వది, 7 రెట్లయిన 350ది 7వది. ఎడ్డీ నష్టం (వైండింగ్ లోహంలో సుడి కరెంట్ల వల్ల వేడిగా పోయేది) ఫ్రీక్వెన్సీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే అదే కరెంటు 5వ హార్మోనిక్‌గా పారితే ఆ నష్టం 25 రెట్లు. ఈ వేడి మీటర్లకు సరిగా అందదు. ఓటీఐ (నూనె వేడి మీటరు) చూపేది పై నూనె వేడిని. డబ్ల్యూటీఐ (వైండింగ్ వేడి మీటరు) కూడా సీటీ (లోడు కరెంటును కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) కరెంటుతో అంచనా కట్టేదే, దాని సెట్టింగు 50 హెర్ట్జ్‌కు చేసింది. లోపల వైండింగ్‌కు చుట్టిన కాగితం మాత్రం మాడుతూనే ఉంటుంది. మామూలు ఇన్సులేషన్ కాగితానికి 98 డిగ్రీల పైన ప్రతి 6 డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుంది.

మార్చిలోనే, మిల్లు నిండుగా నడిచే షిఫ్టులో, ఎల్‌టీ (433 వోల్టుల వైపు) మెయిన్ దగ్గర పవర్ ఎనలైజర్ పెట్టి మూడు ఫేజులూ, న్యూట్రలూ కొలిపించండి. మామూలు క్లాంప్ మీటరు ఇలాంటి కరెంటును తక్కువ చూపుతుంది, ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరే కావాలి. ఉదాహరణకు 50 హెర్ట్జ్ కరెంటుతో పోలిస్తే 5వది 35%, 7వది 15%, 11వది 8%, 13వది 5% వచ్చాయనుకుందాం. కే-ఫ్యాక్టర్ (హార్మోనిక్స్ వల్ల ఎడ్డీ నష్టం ఎన్ని రెట్లవుతుందో చెప్పే అంకె) సుమారు 5.5. ఎడ్డీ నష్టం రాగి నష్టంలో 10% ఉండే 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరును అప్పుడు 84 శాతానికి మించి నడపకూడదు. 433 వోల్టుల దగ్గర 667 ఆంపియర్ల బదులు 560 అన్నమాట.

అసలు చిక్కు పవర్ ఫ్యాక్టర్ కోసం పెట్టే కెపాసిటర్ల దగ్గరుంది. 5% ఇంపెడెన్స్ ఉన్న ఇదే ట్రాన్స్‌ఫార్మరుకు 200 కేవీఏఆర్ కెపాసిటర్లు తగిలితే 7వ హార్మోనిక్ దగ్గర, 400 తగిలితే 5వ దాని దగ్గర రెజొనెన్స్ వస్తుంది, అంటే ఆ హార్మోనిక్ కరెంటు రెండింటి మధ్య ఊగి బాగా పెరిగిపోతుంది. ఏపీఎఫ్‌సీ ప్యానెల్ (కెపాసిటర్లను తనంతట తానే కలిపే, తీసే ప్యానెల్) ఒక్కో స్టెప్పు వేస్తూ పోతుంటే ఏదో ఒక స్టెప్పు దగ్గర ఇది తగులుతుంది. ఫ్యూజులు మాటిమాటికీ పోతుంటే, కెపాసిటర్ డబ్బాలు ఉబ్బితే ముందు దీన్నే అనుమానించండి. కెపాసిటర్లకు వరుసగా 7% డీట్యూన్డ్ రియాక్టర్లు (రెజొనెన్స్‌ను హార్మోనిక్స్‌కు దూరంగా జరిపే కాయిళ్లు) పెట్టాలి. పాత 440 వోల్టుల కెపాసిటర్లకే రియాక్టర్ కలిపితే పొరపాటు: వాటి మీద వోల్టేజీ 466కు చేరుతుంది. 525 వోల్టులవి వేయండి. ప్రతి పెద్ద డ్రైవు ముందు 3% లైన్ చోక్ (కరెంటు కుదుపులను మెత్తబరిచే కాయిల్) పెట్టడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. దానితోనే 5వ హార్మోనిక్ బాగా దిగుతుంది.

యూపీఎస్‌లు, ఎల్ఈడీ దీపాలు ఎక్కువుంటే 3వ హార్మోనిక్ న్యూట్రల్‌లో పేరుకుంటుంది. ఫేజు కంటే న్యూట్రల్‌లోనే కరెంటు ఎక్కువ పారవచ్చు, కాబట్టి న్యూట్రల్ కేబుల్ సైజు, లగ్గు బిగువు చూడండి.

ఊక దుమ్ము రేడియేటర్ ఫిన్నుల మధ్య మందంగా పట్టి గాలిని ఆపేస్తుంది. ఎల్‌సీ (కరెంటు ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకుని, ఏబీ స్విచ్ (స్తంభం మీది లైన్ స్విచ్) తెరిచి, ఎర్త్ చేశాకే కడగండి. రేడియేటర్ వాల్వులు తెరిచే ఉన్నాయో లేదో, నూనె మట్టం ఎంతుందో అప్పుడే చూడండి. బ్రీదర్‌లో (ట్రాన్స్‌ఫార్మర్ పీల్చే గాలిలోని తేమను పట్టే డబ్బాలో) నీలం సిలికాజెల్ గులాబీకి మారితే మార్చండి. నూనె బీడీవీ (నూనె ఎంత వోల్టేజీ వరకు తట్టుకుంటుందో చూపే పరీక్ష) 30 కేవీ కంటే తగ్గితే ఫిల్టర్ పట్టించండి.

చోక్‌లు సీజన్‌కు అందకపోతే, మధ్యాహ్నం లోడు లెక్కగట్టిన ఆంపియర్లు దాటకుండా ఒక పాలిషర్‌ను రాత్రి షిఫ్టుకు మార్చండి.