జలపాతం ఫొటోలకు వెళ్తున్నారా? పోలరైజర్ మర్చిపోకండి

వానాకాలంలో కుంతాల జలపాతానికో, ఇంకో జలపాతానికో కెమెరాతో వెళ్లేవాళ్లకు ఓ మాట. కొత్త లెన్స్ కొనేముందు సర్క్యులర్ పోలరైజర్ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించి తిప్పే అద్దం) ఒకటి కొనండి. తడి రాళ్ల మీద, ఆకుల మీద ఆకాశం పడి తెల్లగా మెరుస్తుంది కదా, ఆ మెరుపును ఇది చాలావరకు తీసేస్తుంది. ఎడిటింగ్‌లో రంగులు ఎంత పెంచినా, మెరుపు కింద పోయిన రాయి రంగు తిరిగి రాదు.

లెన్స్‌కు బిగించాక ముందున్న రింగును మెల్లగా తిప్పుతూ స్క్రీన్ చూడండి. ఒకచోట రాళ్లు నల్లబడి నాచు పచ్చగా తేలుతుంది. అక్కడ ఆపేయండి. తుంపర్లలో ఇంద్రధనుస్సు కనిపిస్తుంటే మాత్రం చూసుకుని తిప్పాలి, ఒక కోణంలో అది మాయమవుతుంది! ఇంకాస్త తిప్పితే ముందుకన్నా చిక్కగా వస్తుంది.

ఫిల్టర్ ఒకటి రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకు సగం చొప్పున) వెలుతురు తినేస్తుంది, కాబట్టి షటర్ ఎక్కువసేపు తెరిచి ఉంచొచ్చు. నీళ్లకు అదే కలిసొస్తుంది. పొద్దున్నే నీడ ఉన్నప్పుడు ట్రైపాడ్ మీద ఐఎస్ఓ (వెలుతురు పట్టే సున్నితత్వం) 100, ఎఫ్/11 (లెన్స్ రంధ్రం కొలత) పెడితే అర సెకను దాకా షటర్ దొరుకుతుంది, ధార పట్టుదారంలా పడుతుంది. మరీ వైడ్ లెన్స్‌తో నీలాకాశం తీస్తే మాత్రం ఒక పక్క ముదురుగా, ఒక పక్క లేతగా వస్తుంది. అప్పుడు ఫిల్టర్ తీసేయడమే మేలు.

ఫిల్టర్ సైజు లెన్స్ ముందు రాసి ఉంటుంది, 67, 77 మిల్లీమీటర్లు అలా. మీ దగ్గరున్న పెద్ద లెన్స్‌కు సరిపోయేది కొని, చిన్నవాటికి స్టెప్-అప్ రింగ్ (చిన్న లెన్స్‌కు పెద్ద ఫిల్టర్ బిగించే రింగు) వాడండి. ఫోన్‌తో తీసేవాళ్లు పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలను కెమెరాకు అడ్డం పెట్టి తిప్పి చూడండి, రంగు కాస్త మారినా పని జరుగుతుంది.