చేవెళ్ల మర్రిచెట్ల రోడ్డు మీదుగా అనంతగిరికి: సైకిల్ మీద ఒక్క రాత్రి టెంట్ ట్రిప్‌కి ఎలా రెడీ అవ్వాలి

శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండాలి, మధ్యలో ఒక రాత్రి టెంట్లో పడుకోవాలి అనుకుంటే హైదరాబాద్‌లో పడమర వైపు ఉండేవాళ్ళకి నేను మొదట చెప్పేది అనంతగిరి కొండలే. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల దాటి మన్నెగూడ దాకా తిన్నగా వెళ్ళి అక్కడ కుడివైపు వికారాబాద్ రోడ్డు పట్టుకోవాలి, మొత్తం ఒక 65 కిలోమీటర్లు అటూ ఇటుగా వస్తుంది. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే, రోజూ సిటీలో బ్రిడ్జి మీద నుంచి మనం చూసే నది మొదలయ్యే చోటికి సొంత కాళ్ళ మీద వెళ్ళడం అంటే నాకు ఇప్పటికీ ఒక రకమైన ఆనందం.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఒక్కటే చెప్తా, సామాను కొనకముందు ఇంటి డాబా మీద ఒక రాత్రి పడుకోండి. టెంట్ ఫ్రెండ్ దగ్గర తెచ్చుకున్నా సరే, లైట్లు ఆర్పేసి టార్చ్ వెలుగులో వేయండి, డాబా మీద మేకులు దిగవు కాబట్టి తాళ్ళు ఇటుకలకి కట్టండి. ఆ ఒక్క రాత్రిలో మీకు తెలిసేది ఏంటంటే చలి పైనుంచి కంటే కింద నుంచి ఎక్కువ వస్తుంది, దుప్పటి ఎంత మందంగా ఉన్నా కింద ఫోమ్ మ్యాట్ లేకపోతే తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తుంది. ఇంకోటి, టెంట్ జిప్‌లన్నీ మూసేసి పడుకుంటే మన ఊపిరి తేమే లోపల బట్టకి పట్టి నీళ్ళయి కారుతుంది, అందుకే దోమతెర మూసి పైన కొంచెం గాలి ఆడేలా వదలాలి. ఇవి డాబా మీద తెలిస్తే మెట్లు దిగి ఇంట్లోకి వెళ్ళిపోవచ్చు, కొండ మీద తెలిస్తే వెళ్ళడానికి ఇల్లుండదు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్ళడం మంచిది. డిసెంబర్‌లో సాయంత్రం ఆరుంపావుకల్లా చీకటి పడిపోతుంది, లగేజీతో గంటకి 15 కిలోమీటర్లు లెక్కేసుకున్నా టీలు టిఫిన్లు కలిపి ఆరేడు గంటలు పడుతుంది, కాబట్టి పొద్దున ఆరింటికే బయల్దేరండి, వెలుగుండగానే టెంట్ వేసెయ్యాలి. చేవెళ్ల దారిలో పాత మర్రిచెట్లు ఉంటాయి, వాటి నీడలో ఆగకుండా వెళ్ళడం నా వల్ల కాదు, మీరూ ఆగండి. కానీ ఆ హైవే వెడల్పు చేసే పనుల వల్ల కంకర, మట్టి, డైవర్షన్లు తగలొచ్చు, సన్న టైర్ల రోడ్ సైకిల్ కంటే కొంచెం వెడల్పు టైర్ల హైబ్రిడ్ గానీ ఎంటీబీ (మౌంటెన్ బైక్) గానీ నయం. ఇంకో విషయం చాలామంది ఆలోచించరు, తిరిగొచ్చేటప్పుడు పొద్దున తూర్పుకి తొక్కుతాం, ఎండ మన కళ్ళలోనే కాదు మన వెనకొచ్చే లారీ డ్రైవర్ కళ్ళలో కూడా పడుతుంది, అతనికి మనం కనపడం. అందుకే పగలైనా సరే వెనక రెడ్ లైట్ వేసే ఉంచండి, ముదురు రంగు బట్టలు వద్దు.

ఇక పంచర్. ఈ దారిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. తుమ్మచెట్టు నీడ ఎంత చల్లగా ఉన్నా సైకిల్ దాని కింద పెట్టొద్దు, నేను ఒకసారి పది నిమిషాలు ఆగినందుకు రెండు టైర్లలోనూ ముళ్ళు దిగాయి. రోడ్డు పక్క గడ్డిలో పల్లేరు కాయలు కూడా అంతే, సైకిల్ తోసుకుంటూ గడ్డిలోకి దిగకండి, ఎత్తుకుని వెళ్ళండి. రెండు కొత్త ట్యూబులు, టైర్ ఊడదీసే లివర్లు, పంప్, సొల్యూషన్, ప్యాచ్‌లు, అలెన్ కీలు తప్పనిసరి. కొత్త ట్యూబ్ వేసేముందు టైర్ లోపల వేలితో మెల్లగా చుట్టూ తడమండి, ముల్లు అక్కడే ఉండిపోతే కొత్త ట్యూబ్ కూడా వెంటనే పోతుంది. ప్యాచ్ వేసేటప్పుడు సొల్యూషన్ రాసి వెంటనే అతికించకూడదు, తడి ఆరి వేలికి జిగురుగా తగిలేదాకా ఆగాలి. మీ ట్యూబ్‌కి ప్రెస్టా వాల్వ్ (సన్నగా, కొసన చిన్న స్క్రూతో ఉండేది) అయితే ఊళ్ళో పంచర్ షాపుల్లో పంప్ పట్టకపోవచ్చు, చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో పడేసుకోండి. ఇదంతా కూడా ఇంట్లో ఒకసారి చేసి చూడండి.

సామాను వీపు మీద బ్యాగ్‌లో వద్దు, 20 కిలోమీటర్లకే భుజాలు, నడుము పట్టేస్తాయి. వెనక క్యారియర్ బిగించి రెండువైపులా సమానంగా, బరువైనవి కింద ఉండేలా పెట్టాలి. కట్టడానికి కొత్త తాళ్ళు కొనక్కర్లేదు, పాత ట్యూబ్ పొడవుగా కోసుకుంటే అంత గట్టి రబ్బర్ తాడు ఇంకోటి లేదు, కొసలు మాత్రం చక్రంలోకి వేలాడకుండా చూసుకోండి. పడుకునే బట్టలు, దుప్పటి ప్లాస్టిక్ కవర్లో చుట్టండి, రాత్రి మంచుకి అన్నీ తడుస్తాయి. లగేజీ అంతా కట్టేసి ముందు వారం ఒక పది కిలోమీటర్లు తొక్కండి, బ్రేక్ ఎంత దూరంలో పడుతుందో అప్పుడే తెలుస్తుంది, వికారాబాద్ దాటాక ఎక్కిన ఘాట్ మళ్ళీ దిగేది ఆ బ్రేకుల మీదే కదా.

తిండికి స్టవ్ మోయాల్సిన పని లేదు. పొద్దున చేసిన చింతపండు పులిహోర రాత్రికి కూడా బాగుంటుంది, ఖర్జూరాలు, పల్లీ పట్టీ, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు చాలు, మిగతా టీ టిఫిన్లు చేవెళ్లలో, వికారాబాద్‌లో దొరుకుతాయి. నీళ్ళు మాత్రం వికారాబాద్‌లోనే నింపుకుని పైకి ఎక్కండి, మనిషికి మూడు లీటర్లు.

ఎక్కడ పడుకోవాలి అన్నది ముందే తేల్చుకోండి. అనంతగిరిలో ఎక్కువ భాగం రిజర్వ్ ఫారెస్ట్, ఫారెస్ట్ వాళ్ళ పర్మిషన్ లేకుండా అడవిలో టెంట్ వేయకూడదు, మంట అసలే పెట్టకూడదు. చుట్టుపక్కల క్యాంప్‌సైట్లు ఉన్నాయి, ఫోన్ చేసి సొంత టెంట్‌కి చోటు ఇస్తారా, బాత్రూం ఉందా అని అడగండి. లేదంటే రైతుల్ని అడగొచ్చు, "కాకా, ఇయ్యాల రాత్రికి మీ చెల్కల టెంట్ ఏస్కుంటం, పొద్దుగాల్నే పోతం" అని మర్యాదగా అడిగితే పాములు తిరిగేది ఎక్కడో, బోరు ఎక్కడుందో కూడా వాళ్ళే చెప్తారు. వద్దంటే ఇంక బతిమాలకుండా వచ్చెయ్యండి. చెప్పులు, బూట్లు టెంట్ లోపలే పెట్టుకోండి, పొద్దున వేసుకునేముందు దులపండి, తేళ్ళుంటాయి. ఇంట్లో ఒకళ్ళకి లొకేషన్ పంపండి, సైకిల్ పూర్తిగా మొరాయిస్తే వికారాబాద్‌లో ట్రాలీ ఆటో మాట్లాడుకోవచ్చు.

ఆదివారం పొద్దున టెంట్ మంచుతో తడిసే ఉంటుంది, ఎండ వచ్చేదాకా ఆగితే తిరుగు దారి వేడెక్కిపోతుంది, కాబట్టి అలాగే చుట్టి కట్టేసుకోండి. ఇంటికి రాగానే స్నానానికి వెళ్ళేముందే దాన్ని డాబా మీద దండేనికి ఆరేయండి, తడిగా రెండు రోజులు సంచిలో ఉంటే బూజు పట్టి ఆ వాసన మళ్ళీ పోదు, చైన్ కూడా గుడ్డతో తుడిచి రెండు చుక్కలు నూనె వేయండి.