ఆర్కెస్ట్రాకు రాద్దాం – 4వ భాగం: మూసీ నురగ

పోయిన భాగంలో నది నడకను సెల్లోలకూ డబుల్ బేస్‌లకూ, అంటే మంద్రంగా పలికే పెద్ద కమాను వాద్యాలకు రాశాం. ఇప్పుడు దాని మీద నురగ పుట్టాలి.

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ మురుగును మోసుకుంటూ మన ఉమ్మడి నల్లగొండలోకి వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారిలో ఏదైనా కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) దగ్గర నిలబడి చూడండి. పైన నీళ్లు నల్లగా, నిమ్మళంగా ఉంటాయి. కత్వ దూకిన చోటే తెల్లగా పొంగుతాయి. డిటర్జెంట్లు నీటి తలతన్యతను, అంటే నీటి పైపొర బిగువును తగ్గిస్తాయి కాబట్టి, దూకేటప్పుడు చిక్కిన గాలి బుడగలు వెంటనే పగలవు. అంటే విషం ముందు నుంచే నీళ్లలో ఉంది, దూకాకే కంటికి కనబడింది. మన సంగీతమూ ఈ వరసలోనే నడవాలి.

కాలుష్యం అనగానే చాలామంది మొదటి బార్ (స్కోరులో ఒక తాళ గడి) నుంచే అపస్వరాలు గుప్పిస్తారు. అది నాకు నచ్చదు. ఏం పాడైందో తెలియాలంటే ముందు బాగున్నది వినబడాలి కదా!

షడ్జమం బి ఫ్లాట్ పెట్టుకుని మోహన స్వరాల్లో, స రి గ ప ద, వయొలాలకు (వయొలిన్ కంటే కాస్త పెద్దవి, కింది స్థాయివి) 12 బార్ల పాట రాయండి. నిమిషానికి 60 బీట్లు. ఐదో బార్ నుంచి కమాను కొద్దికొద్దిగా బ్రిడ్జి (వాద్యం మీద తీగలను మోసే చెక్క) వైపు జరగాలి. స్కోరులో దీన్ని 'సుల్ పొంటిచెల్లో' అని రాస్తాం. స్వరం అదే, కానీ నాదంలో నిండుతనం పోయి గీరుకుపోతున్నట్టు ఉంటుంది. విషం చేరడం ఇదే.

13వ బార్ మన కత్వ. సెల్లోలూ బేస్‌లూ షడ్జమం నుంచి కింది షడ్జమానికి ఒక్కసారిగా జారాలి. ట్రాంబోన్లకు మాత్రం అంత జారుడు ఇవ్వకండి. ఆ ఇత్తడి వాద్యాల స్లైడ్ (ముందుకూ వెనక్కూ జరిపే గొట్టం) ఒక ఊపులో ఆరు అర్ధస్వరాలకు మించి పోదు. గాంధారం నుంచి షడ్జమం వరకు చాలు.

ఆ వెంటనే వయొలిన్లను ఎనిమిది భాగాలు చేసి, పై స్థాయిలో ట్రెమోలోతో (ఒకే స్వరం మీద కమానును వేగంగా వణికిస్తూ) ఒకరి తర్వాత ఒకరిని దింపండి. చాలా తక్కువ శబ్దంతో వాయించాలి, నురగకు బరువుండదు. ఐదు స్వరాలూ కలిసి ముద్దగా మోగుతుంటే వినడానికి అందంగానే ఉంటుంది, ఉండనివ్వండి. తర్వాత రెండు భాగాల రిషభాన్ని పావు స్వరం కిందికి దించండి.

స్కోరు రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ ప్లేబ్యాక్‌లో ఆ గీరుడు సరిగా వినబడదు. తెలిసిన వయొలిన్ విద్వాంసుల్ని అడిగి, బ్రిడ్జి పక్కన ఒక్క స్వరం లాగించుకుని వినండి.

వచ్చే భాగం మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్ల మీద. వాటికి రంగు లేదు, వాసన లేదు, నురగ కూడా రాదు. ఈలోగా 24 బార్లు పూర్తి చేసి ఉంచండి.