క్రూయిజ్ బుకింగ్ ఉంచాలా, రద్దు చేయాలా? సమస్య - పరిష్కారం

అమ్మానాన్నలు అమెరికా వచ్చే ఏడాది తెలుగు ఇళ్ళలో తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: "ఈసారి అలాస్కా క్రూయిజ్‌కు తీసుకెళ్దాం." చలికాలంలోనే ఉత్సాహంగా అడ్వాన్స్ కట్టేస్తారు. వేసవి దగ్గరపడేసరికి ఏదో ఒక అనుమానం మొదలవుతుంది. అక్కడి నుంచి రోజూ రాత్రి భోజనాల దగ్గర అదే చర్చ. మా ఇంట్లో రెండుసార్లు, బంధువుల ఇళ్ళలో ఇంకొన్నిసార్లు ఆ చర్చల్లో కూర్చున్నాను. రద్దు చేసుకుందామన్న ఆలోచన జ్వరం లాంటిదని అప్పుడే అర్థమైంది. జ్వరానికి మాత్ర వేసే ముందు అది ఎందుకు వచ్చిందో చూడాలి కదా. ఇక్కడ తరచి చూస్తే చాలాసార్లు ఒక కాగితమో, ఒక తేదీయో, మనసులో మాట బయటపెట్టని పెద్దవాళ్ళో కనిపిస్తారు.

ఏ సమస్య అయినా సరే, ముందుగా బుకింగ్ చేసినప్పుడు వచ్చిన ఈమెయిల్ తెరవండి. అందులో రెండు విషయాలు వెతికి కాగితం మీద రాసుకోండి. ఒకటి, తుది చెల్లింపు తేదీ. కంపెనీని బట్టి, ప్రయాణం నిడివిని బట్టి ఇది సాధారణంగా బయలుదేరడానికి 75 నుంచి 120 రోజుల ముందు ఉంటుంది. రెండోది, రద్దు రుసుముల పట్టిక. తుది చెల్లింపు తేదీ లోపల రద్దు చేస్తే మామూలు బుకింగ్‌కు అడ్వాన్స్ పూర్తిగా తిరిగి వస్తుంది. "వాపసు లేని అడ్వాన్స్" పద్ధతిలో తక్కువ ధరకు కొన్నవారికి మాత్రం అది రాదు. ఆ తేదీ దాటాక కోత మెట్లు మెట్లుగా పెరిగి, చివరి రోజుల్లో వంద శాతానికి చేరుతుంది.

ఆ పట్టికను ఎలా చదవాలో ఒక లెక్కతో చెబుతాను. నలుగురికి కలిపి 4,800 డాలర్ల టికెట్ అనుకుందాం. ఈ శుక్రవారం వరకు కోత 25 శాతం, శనివారం నుంచి 50 శాతం. ఈ రోజు రద్దు చేస్తే 1,200 పోతాయి, శనివారం చేస్తే 2,400. అంటే నిర్ణయాన్ని శనివారం దాకా వాయిదా వేయడానికి మీరు చెల్లించే ధర 1,200 డాలర్లు. ఎలాగూ తిరిగి రాని మొదటి 1,200 గురించి ఇంట్లో వాదించుకోవడం వల్ల ఉపయోగం లేదు. మీకున్న అనుమానం శుక్రవారం లోపల తీరేదా కాదా అన్నది చూడండి. తీరేదైతే ఆగండి. తీరనిదైతే, వాయిదాకు పెట్టే ఆ 1,200 దండగ అవునా కాదా అని ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని తేల్చుకోండి.

సమస్య: "సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగుతాం. కెనడా వీసా కావాలంటున్నారు, ఎందుకు?"

అన్నిటికంటే ఎక్కువ కుటుంబాలను దెబ్బతీసేది ఇదే. అందుకే దీని గురించి వివరంగా చెబుతాను.

కారణం 1886 నాటి ఒక అమెరికా చట్టం. విదేశీ జెండా ఉన్న ఓడలు అమెరికా రేవులో ప్రయాణికులను ఎక్కించుకుని మధ్యలో ఏ విదేశీ రేవునూ తాకకుండా తిరిగి అమెరికాలో దించడానికి ఆ చట్టం ఒప్పుకోదు. సియాటిల్ నుంచి వెళ్ళే పెద్ద క్రూయిజ్ ఓడలు బహామాస్, పనామా లాంటి దేశాల్లో నమోదైనవి. అందుకే అలాస్కా ఊళ్ళైన కెచికాన్, జూనో, స్కాగ్వే చూపించి తిరిగి వచ్చేటప్పుడు కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. చాలాసార్లు అది సాయంత్రం కొన్ని గంటల మజిలీ మాత్రమే. ఓడ దిగకుండా గదిలోనే పడుకుంటామన్నా కుదరదు, పత్రాలు ఓడ ఎక్కే ముందే చూస్తారు.

మా దూరపు బంధువు ఒకాయన తండ్రికి ఇలాగే జరిగింది. ఓడరేవు కౌంటరులో ఉన్న అమ్మాయి పాస్‌పోర్టు పేజీలు రెండుసార్లు తిరగేసి, కెనడా వీసా ఎక్కడుందని అడిగింది. పదేళ్ళ అమెరికా వీసా ఉంది కదా అని ఆ పెద్దాయన అదే పేజీని మళ్ళీ మళ్ళీ చూపించారు. హిమనదాల దగ్గర చలికి ఓర్చుకోవాలని కొన్న స్వెట్టరు వేసుకుని ఉన్నారు. దాని మెడ వెనుక ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. కొడుకు తల్లిదండ్రులతో వెనక్కి వచ్చేశాడు, కోడలు పిల్లలతో ఓడ ఎక్కింది. పోయిన డబ్బు గురించి ఆ ఇంట్లో ఇప్పుడెవరూ మాట్లాడరు. ఆ పెద్దాయన మాత్రం మళ్ళీ ఓడ మాట ఎత్తనివ్వలేదు.

పరిష్కారం: ప్రయాణికుల పేర్లు వరుసగా రాసి, ఎదురుగా ఒక్కొక్కరి పాస్‌పోర్టు, వీసా వివరాలు రాయండి. అమెరికా పాస్‌పోర్టు ఉన్న పిల్లలకు కెనడా వీసా అక్కరలేదు. గ్రీన్ కార్డు ఉన్నవారికీ అక్కరలేదు, కానీ కార్డుతో పాటు చెల్లుబాటులో ఉన్న భారత పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు, హెచ్-1బి (ఉద్యోగ వీసా), హెచ్-4 (వారి కుటుంబ సభ్యుల వీసా), ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవారు భారత పాస్‌పోర్టుతో వెళ్తుంటే కెనడా సందర్శక వీసా తీసుకోవాలి. అందుకు వేలిముద్రలు ఇవ్వాలి, ఆమోదం వచ్చాక స్టాంపు కోసం పాస్‌పోర్టు పంపాలి. పాస్‌పోర్టు తిరిగి రావడానికి పట్టే రోజులను కూడా లెక్కలో వేసుకోండి. తుది చెల్లింపు తేదీ నాటికి వీసా చేతికి రాకపోతే బుకింగ్‌ను ఆ సీజన్‌లోనే తర్వాతి ఓడకు మార్చమని అడగండి. మార్పు రుసుము కట్టినా రద్దు కంటే అది నయం. మార్చడం కుదరకపోతే రద్దు చేయండి. వీసా వస్తుందిలే అన్న నమ్మకంతో మొత్తం డబ్బు కట్టకండి.

ఇంకో చిక్కు ఉంది. పాస్‌పోర్టులోని హెచ్-1బి వీసా స్టాంపు గడువు ముగిసినా ఐ-94 (దేశంలో ఎప్పటివరకు ఉండవచ్చో చెప్పే ప్రవేశ పత్రం) చెల్లుబాటులో ఉంటే, 30 రోజుల లోపు కెనడా లేదా మెక్సికో మాత్రమే వెళ్ళి తిరిగి రావడానికి అమెరికా నిబంధనల్లో వెసులుబాటు ఉంది. ఆ మధ్యలో కొత్త వీసాకు దరఖాస్తు చేస్తే అది వర్తించదు. కరేబియన్ దీవుల విషయంలో ఆ వెసులుబాటు ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్) వీసాల వారికే తప్ప హెచ్-1బి వారికి లేదు. స్టాంపు గడువు ముగిసిన హెచ్-1బితో బహామాస్ క్రూయిజ్ బుక్ చేసుకున్నవారు అందుకే రద్దు చేసుకోవాలి, లేదా మెక్సికోకు మాత్రమే వెళ్ళే ఓడకు మారాలి.

సమస్య: ఉద్యోగం పోయింది, టికెట్ డబ్బు పూర్తిగా కట్టేశాం

ఇక్కడ నేను వెనుకాడను. హెచ్-1బి మీద ఉండి ఉద్యోగం పోయినవారికి సాధారణంగా 60 రోజుల వరకు గడువు ఉంటుంది. ఆ గడువు దేశంలో ఉన్నవారి కోసం. ఓడ విక్టోరియాను తాకితే మీరు దేశం దాటినట్టే. తిరిగి వచ్చేటప్పుడు హెచ్-1బి మీద ప్రవేశించడానికి ఉద్యోగం ఉండాలి. భార్యాపిల్లల హెచ్-4 కూడా దానితోనే ముడిపడి ఉంది. డబ్బు ఎంత పోయినా సరే, రద్దు చేయండి. గ్రీన్ కార్డు దరఖాస్తు చివరి దశలో ఉన్నవారు కూడా, ఉద్యోగం ఉన్నా సరే, న్యాయవాదిని అడగకుండా విదేశీ రేవును తాకే ఓడ ఎక్కకండి.

సమస్య: "మీరు వెళ్ళి రండి, మేం ఇంట్లో ఉంటాం"

ఈ మాట అమ్మ నోటి నుంచి వచ్చిందంటే వెంటనే ఫోన్ తీసి రద్దు చేయకండి. అలాగని "అలా కాదు, రావాల్సిందే" అని పట్టుబట్టకండి. ఈ ఒక్క మాట వెనుక నాలుగైదు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. వాటిలో కొన్నిటికి మందు ఉంది.

మా అమ్మ ఈ మాట మూడు రోజులు అంది. ఖర్చు గురించేమోనని నేను డాలర్ల లెక్కలు చెబుతూ వచ్చాను. నాలుగో రోజు గిన్నెలు సర్దుతూ, నా వైపు చూడకుండానే అడిగింది: "ఓడలో పెరుగన్నం దొరుకుతుందా?" ఏడు రోజులు ఏం తినాలో తెలియని చోటికి ఎలా వెళ్ళాలన్నదే ఆమె దిగులు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆహారమే కారణమైతే పరిష్కారం తేలిక. పెద్ద ఓడల్లో భారతీయ శాకాహారం ముందుగా చెబితే వండి పెడతారు. బుకింగ్ వివరాల్లో ఆ కోరిక నమోదు చేయించండి. ఓడ ఎక్కిన మొదటి రాత్రే భోజనశాల పర్యవేక్షకుడితో మాట్లాడితే మరుసటి రోజు నుంచి పప్పు, కూర, అన్నం సిద్ధం చేస్తారు. ఉదయం ఫలహారాల దగ్గర పెరుగు ఉంటుంది. ఇంట్లో వండినవి ఓడలోకి రానివ్వరు కాబట్టి పులిహోర మూట మీద ఆశ పెట్టుకోవద్దు.

మోకాళ్ళ నొప్పులు కారణమైతే, ఓడరేవులో చక్రాల కుర్చీ సాయం కావాలని కంపెనీకి ముందే తెలియజేయండి. మీ ఓడ ఏ ఊళ్ళలో రేవుకు ఆనుకుని ఆగుతుందో, ఎక్కడ చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారో కూడా అడగండి. చిన్న పడవలోకి దిగడం మోకాళ్ళ నొప్పులున్నవారికి నిజంగా కష్టమే. అలాంటి మజిలీలు ఎక్కువగా ఉంటే వేరే ఓడ చూడటం మంచిది.

కడుపులో తిప్పుతుందన్న భయమైతే, గది ఎక్కడుందో చూడండి. ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. కెనడాలోని వాంకూవర్ నుంచి బయలుదేరే ఓడలు ఎక్కువగా దీవుల చాటున ప్రశాంతమైన నీటిలో వెళ్తాయి. సియాటిల్ నుంచి వెళ్ళేవి చాలా వరకు వాంకూవర్ దీవికి పడమటి వైపు, బహిరంగ సముద్రం మీదుగా వెళ్తాయి కాబట్టి అక్కడ ఊపు కాస్త ఎక్కువే. ఈ సంగతి దాచకుండా చెప్పి, వాంతులకు వాడే మాత్ర వారి బీపీ, షుగర్ మందులతో సరిపడుతుందో లేదో వైద్యుడిని అడగండి.

ఆరోగ్యం గురించే భయపడుతుంటే, దాన్ని కొట్టిపారేయకండి. ఓడలో వైద్యశాల ఉంటుంది, కానీ ఖర్చు మీ గది ఖాతాలో పడుతుంది. తల్లిదండ్రుల కోసం కొన్న సందర్శకుల బీమా సముద్రం మీద, కెనడాలో వర్తిస్తుందో లేదో పాలసీ తెరిచి చదవండి. ప్రయాణం రద్దయితే డబ్బు ఇచ్చే బీమా వేరు, ఇది వేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకునేవారు చాలామంది ఉన్నారు.

ఇవన్నీ అడిగి, అన్నిటికీ సమాధానం చెప్పాక కూడా వాళ్ళు వద్దంటే, ఆ మాటను నమ్మండి. వాళ్ళ ప్రయాణం వాళ్ళ ఇష్టం.

సమస్య: ఒక్కరే రాలేకపోతున్నారు

ఇద్దరున్న గదిలో ఒకరు తప్పుకుంటే సగం డబ్బు తిరిగి వస్తుందనుకోవడం పొరపాటు. గది ధర ఇద్దరి లెక్కన ఉంటుంది. ఒకరి పేరు తీసేస్తే మిగిలినవారి మీద దాదాపు రెట్టింపు ధర పడవచ్చు. మూడో, నాలుగో వ్యక్తి టికెట్ ఎలాగూ చవక కాబట్టి వారిని తొలగించినా పెద్దగా తిరిగి రాదు.

ముందుగా, ఆ పేరు స్థానంలో ఇంకొకరిని చేర్చగలరేమో అడగండి. మొదట బుక్ చేసుకున్నవారిలో కనీసం ఒకరు ఆ గదిలో మిగిలితే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. అది కుదరకపోతే, ఆ పేరు తీసేస్తే మిగిలినవారికి ఎంత పడుతుందో, పేరు అలాగే ఉంచి ఆ మనిషి రాకపోతే ఎంత పడుతుందో రెండు లెక్కలూ అడగండి. చాలాసార్లు రెండోదే చవక. ఎక్కని మనిషి పేరున కట్టిన పన్నులు, రేవు రుసుములు సాధారణంగా తిరిగి వస్తాయి.

సమస్య: గర్భవతి, లేదా పసిబిడ్డ

ప్రయాణం ముగిసేలోగా 24వ వారంలోకి అడుగుపెట్టేవారిని పెద్ద క్రూయిజ్ కంపెనీలు ఎక్కించుకోవు. పసిబిడ్డకు కనీసం 6 నెలలు నిండాలి, వరుసగా సముద్రం మీదే ఎక్కువ రోజులు గడిపే ప్రయాణాలకు 12 నెలలు. తేదీలు లెక్కవేసి, సరిపోకపోతే వెంటనే రద్దు చేయండి.

సమస్య: అదే గది ఇప్పుడు చవగ్గా కనిపిస్తోంది

తుది చెల్లింపు తేదీ దాటకపోతే రద్దు అక్కరలేదు. ఫోన్ చేసి కొత్త ధరకు మార్చమనండి. మార్చే ముందు, మొదటి బుకింగ్‌తో ఉచితంగా ఇచ్చినవి పోతాయేమో అడగండి. తేదీ దాటిపోతే ఆ ధర వైపు చూడటం మానేయండి.

సమస్య: తుఫాను వార్తలు

కరేబియన్‌లో జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు హరికేన్ల కాలం, సెప్టెంబరు రెండో వారం చుట్టూ తీవ్రత ఎక్కువ. అయితే తుఫాను వస్తోందని ఓడలు రద్దు కావడం అరుదు. దారి మార్చుకుని వేరే రేవులకు వెళ్తాయి. టికెట్ ఒప్పందం ప్రకారం దారి మారినందుకు డబ్బు తిరిగి ఇవ్వరు. బయలుదేరే రెండు రోజుల ముందు భయపడి మీరే రద్దు చేస్తే మొత్తం పోతుంది, కంపెనీయే రద్దు చేస్తే మొత్తం వస్తుంది. కాబట్టి ఆ దశలో కంపెనీ ప్రకటన కోసం ఆగండి. కెచికాన్‌లో వాన పడుతుందని అలాస్కా ప్రయాణం మానుకోవాలనుకునేవారికి ఒక్క మాట: అది వర్షారణ్యం మధ్య ఉన్న ఊరు, అక్కడ ఎప్పుడైనా వాన పడుతుంది. మంచి రెయిన్ కోటు కొనండి.

ఏ కారణం లేకపోయినా రద్దు చేసుకునే వీలిచ్చే బీమా ఒకటి ఉంది. మొదటి అడ్వాన్స్ కట్టిన రెండు మూడు వారాల లోపే దాన్ని కొనాలి. సాధారణంగా 50 నుంచి 75 శాతం వరకు తిరిగి ఇస్తుంది, బయలుదేరడానికి కనీసం 48 గంటల ముందు రద్దు చేయాలన్న షరతు ఉంటుంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు అడ్వాన్స్ కట్టిన వారంలోనే దీని గురించి ఆలోచించాలి.

రద్దుకే నిర్ణయించుకున్నాక

ఏజెంటు ద్వారా బుక్ చేసి ఉంటే కంపెనీ మీతో మాట్లాడదు, ఏజెంటే రద్దు చేయాలి. కోత పెరిగే తేదీ శనివారమో ఆదివారమో అయితే గురువారమే ఫోన్ చేయండి. ఎంత కోత, ఎంత వాపసు, ఏ కార్డుకు, ఎన్ని రోజుల్లో అన్నది ఫోన్ పెట్టేయక ముందే ఈమెయిల్‌లో పంపమనండి. రద్దు నంబరు రాసుకోండి. డబ్బుకు బదులు తర్వాతి ప్రయాణానికి వాడుకునే క్రెడిట్ ఇస్తామంటే, అది ఎవరి పేరున ఉంటుందో, గడువు ఎప్పుడో అడగండి. అమ్మానాన్నలు మళ్ళీ ఎప్పుడు వస్తారో ఖాయంగా తెలియకపోతే డబ్బే అడగండి. ఆ వెంటనే సియాటిల్ విమానం టికెట్లు, ముందు రాత్రికి తీసుకున్న హోటలు గది, రేవుల్లో కట్టిన విహారయాత్రలు కూడా ఒక్కొక్కటిగా రద్దు చేయండి. ఓడను రద్దు చేస్తే విడిగా కొన్నవి వాటంతట అవి రద్దు కావు.