పెద్ద గిన్నెను పొయ్యి మీదే వదిలేయకండి

ఎండలు ముదరకముందే ఈ మాట చెప్పాలి. ఈ మధ్య మానసిక వ్యాధులున్నవాళ్ళను చూసుకునే ఒక హోమ్‌లో రాత్రి భోజనం చేసినవాళ్ళలో కొందరు తెల్లారేలోపే వాంతులు, విరేచనాలతో ఆస్పత్రిలో చేరారు. మధ్యాహ్నం మిగిలిన అన్నం, మాంసం కూర రాత్రికి వేడిచేసి వడ్డించారు. "పొగలు వచ్చేదాకా మరిగించాను కదా, ఎలా పాడవుతుంది?" అని వండినామె ఏడ్చింది. ఆమె నిజంగానే మరిగించింది. కానీ తప్పు మధ్యాహ్నమే జరిగిపోయింది. చల్లారాక ఫ్రిజ్‌లో పెడదామని గిన్నెకు మూత పెట్టి పొయ్యి మీదే వదిలేశారు.

ఇలాంటి హోమ్‌లలో వండి వడ్డించే మీకు చేతులు, కూరగాయలు కడగడం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. నేను చెప్పేదల్లా ఆ గిన్నె గురించే.

గిన్నెలో జరిగేది ఇదీ

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతే అవి మేల్కొని, పెరిగి, ఒక విషాన్ని వదులుతాయి. ఆ తర్వాత ఎంత మరిగించినా బ్యాక్టీరియా చస్తుందేమో గానీ ఆ విషం పోదు. మాంసం కూరలకు, చిక్కటి గ్రేవీలకు ఇంకో శత్రువు ఉంది, క్లోస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్. దానికి గాలి అక్కర్లేదు. పెద్ద గిన్నె మధ్యభాగం దానికి కావలసినంత వెచ్చగా, గాలి ఆడకుండా ఉంటుంది. 45 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో అయితే సుమారు 10 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. వాసన మారదు, రుచి మారదు. అందుకే "రుచి చూశాను, బాగానే ఉంది" అనే మాటను నమ్మొద్దు.

5 నుంచి 60 డిగ్రీల మధ్య వండిన తిండి ఎక్కువసేపు ఉండకూడదు. మామూలు రోజుల్లో 2 గంటలు దాటనివ్వకండి. వంటగది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. ఎండాకాలం వంటగదిలో 32 ఎప్పుడో దాటిపోతుంది కాబట్టి గంట అనే లెక్కనే గుర్తుపెట్టుకోండి.

పెద్ద గిన్నె తనంతట తాను గంటలో చల్లారదు. అన్నం, కూర, సూప్ ఏదైనా సరే, వెడల్పాటి ట్రేలలో 5 సెంటీమీటర్ల మందం మించకుండా పరచండి. సూప్ గిన్నెనైతే ఐసు నీళ్ళలో పెట్టి కలుపుతూ ఉండండి. వేడి తగ్గగానే ఫ్రిజ్‌లోకి. పొగలు కక్కే పెద్ద గిన్నెను అలాగే ఫ్రిజ్‌లో పెడితే దాని మధ్యభాగం గంటల తరబడి వేడిగానే ఉంటుంది, పక్కనున్న పాలు కూడా పాడవుతాయి.

ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం

హోమ్‌లో అందరూ ఒకే వేళకు తినరు. ఒకరు మందుల మత్తుకు నిద్రపోతారు, ఇంకొకరికి ఆ రోజు గదిలోంచి బయటికి రావాలనిపించదు. పాపం, లేచాక తింటారని గిన్నె అలాగే ఉంచుతాం. మంచి మనసుతో చేసే ఈ పనే ఎక్కువ ముప్పు తెస్తోంది. వాళ్ళ వాటాను ముందే చిన్న డబ్బాల్లో తీసి, చల్లార్చి, పేరు, టైము రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. లేచాక ఒక్క డబ్బా తీసి, మధ్యభాగం 75 డిగ్రీలు చేరేదాకా వేడిచేసి ఇవ్వండి. ఒక థర్మామీటర్ కొనండి, చేత్తో తాకి చూస్తే తెలియదు. వేడి వేడి సూప్, మెత్తటి అన్నం, గుడ్డు లాంటి తేలికపాటి భోజనం అప్పటికప్పుడు తక్కువ తక్కువగా వండుకోవడం ఇంకా మంచిది.

మందులు వాడేవాళ్ళు

లిథియం (మానసిక వ్యాధికి ఇచ్చే ఒక మందు) వాడేవాళ్ళకు "బీపీకి మంచిది" అని ఉప్పు హఠాత్తుగా తగ్గించకండి. ఉప్పు తగ్గినా, చెమటలు పట్టి నీళ్ళు తగ్గినా రక్తంలో లిథియం పెరిగిపోతుంది. ఆహారంలో మార్పు ఏదైనా డాక్టర్‌ని అడిగాకే. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్ళు ఆకుకూరలు మానక్కర్లేదు, ఎప్పుడూ తినే మోతాదులో తింటే చాలు. కొన్ని మానసిక వ్యాధుల మందుల వల్ల మింగడం కష్టమవుతుంది. అలాంటివాళ్ళు తినేటప్పుడు పక్కన ఒకరుండాలి.

ఇక మిగిలినవి, ఏదీ వదలొద్దు:

- గిన్నెను పొయ్యి మీద వదిలేయకండి.
- ఒకసారి వేడిచేసింది మళ్ళీ వేడిచేయకండి. మిగిలితే పారేయండి.
- రాత్రంతా బయట ఉన్న అన్నం ఎవరికీ పెట్టకండి, మీరూ తినకండి.
- కరెంటు 4 గంటలకు పైగా పోతే ఫ్రిజ్‌లోని వండిన తిండి, మాంసం, పాలు పారేయండి.
- పచ్చి మాంసం అన్నిటికన్నా కింది అరలో.
- ఎవరికి ఏ తిండి పడదో గోడ మీద రాసి పెట్టండి. జ్ఞాపకం మీద ఆధారపడకండి.
- వాంతులు, విరేచనాలు ఉన్న మనిషి వంటగదిలోకి రాకూడదు. తగ్గాక కూడా 48 గంటలు రాకూడదు.
- డ్యూటీ మారేటప్పుడు ఏ గిన్నె ఎప్పుడు దించారో తర్వాత వచ్చేవాళ్ళకు చెప్పి వెళ్ళండి. వాళ్ళకు తెలియకపోతే అది వడ్డించకూడదు.
- మళ్ళీ చెబుతున్నాను: మూత పెట్టి వదిలేసిన పెద్ద గిన్నెను మరిగించి బాగుచేయలేరు.
- ఇద్దరికి ఒకేసారి వాంతులు మొదలైతే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. వాళ్ళు తిన్నదాంట్లో కొంచెం డబ్బాలో తీసి, "తినకూడదు" అని రాసి ఫ్రిజ్‌లో విడిగా ఉంచండి. పరీక్షకు అడగవచ్చు.